కనబడని దాని లెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఓరుగంటి ప్రతాపరుద్రుని ఆస్థానమున విద్యానాథుడను పండితుడు ప్రతాపరుద్రీయమను అలంకారగ్రంథము వ్రాసెను. అందు కావ్యపాకములను చెప్పుచు ద్రాక్షాపాకము, నారికేళపాకము అని రెండింటిని నిరూపించెను. నోట వేసికొన్నంతనే రసము లోపలను వెలుపలను స్ఫురించునది మొదటిది. పీచు వలిచి, టెంక పగులగొట్టినగాని రుచి తెలియనిది రెండవది. నాటినుండి నేటివరకు తెలుగు పంతుళ్లు ఈ రెండు మాటలను శిష్యులకు బోధించుచునే యున్నారు. టెంకాయ మాట చెప్పినప్పుడు తాండవ తీరమున ఏ పిల్లవానికిని సందేహము కలుగదు. ద్రాక్ష మాట వచ్చునప్పటికి మాత్రము పూర్వపు పంతుళ్లు కొంత తడుముకొనవలసి వచ్చెడిది. వైద్యుని ఇంట ద్రాక్షారిష్టపు సీసాయు, పచారీకొట్టున ఎండుద్రాక్షయు తప్ప, పచ్చని గుత్తిని తీగెపై చూచినవారు ఈ ప్రాంతమున అరుదు. అమరకోశమున దానికి గోస్తని, మృద్వీక మున్నగు పేర్లు కలవు. పేర్లన్నియు కంఠస్థము, పండు మాత్రము అపరిచితము.

భౌతికశాస్త్రము విషయమున నేడును మన స్థితి ఇట్టిదే. పరమాణువను మాట కణాదుని వైశేషికమునుండి మనకు వచ్చినది. మాట మనదగుటచేత విషయముకూడ మనకు తెలిసియే యున్నదని భ్రమపడుట సులభము. మాట వేరు, లెక్క వేరు. కణాదుడు ఊహించెను, కొలిచి చూపుట తరువాతివారి పని. ఈ భేదమును మరచి అన్నియు పూర్వులు చెప్పినవే యనువారు పూర్వులకును గౌరవము చేసినవారు కారు.

సైద్ధాంతిక భౌతికశాస్త్రము, పదార్థవిజ్ఞానము, ద్రాక్షసేద్యము అను మూడింటిని ఒక్క ప్రసంగమున చేర్చుట బోడిగుండునకును మోకాలికిని ముడిపెట్టుట యని కొందరికి తోచవచ్చును. ఈ మూడింటియందును పరిశోధకుని పని ఒక్కటియే. కంటికి కనబడకముందే ఉన్నదానిని లెక్కకట్టి, పిమ్మట దానిని వెదకి చూచుట. దూరదేశపు దృష్టాంతములతో పనిలేదు. తునిలో రైలెక్కినచో సుమారు వంద కిలోమీటర్ల దూరముననున్న వాల్తేరునందే ఇందులకు చక్కని నిదర్శనము జరిగినది.

సూరి భగవంతముగారు 1909లో నాటి కృష్ణాజిల్లా ఆగిరిపల్లి గ్రామమున జన్మించిరి. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో, అనగా రామన్ పరిణామము బయటపడిన యేటనే, పందొమ్మిదేండ్ల ప్రాయమున కలకత్తా చేరి చంద్రశేఖర వేంకటరామన్ గారి శిష్యులైరి. కాంతికణమునకు స్వీయభ్రమణము కలదని ప్రయోగముచేత చూపిన 1931 నాటి వ్యాసమున గురుశిష్యుల పేర్లు రెండును జంటగా నున్నవి. ఆ పిమ్మట ఆయన ఆంధ్ర విశ్వకళాపరిషత్తున అధ్యాపకులై, ముప్పది యేండ్లు నిండకమునుపే ఆచార్యపదవి నందిరి. అప్పటికి ఆ విద్యాపీఠము పసిది. 1926లో బెజవాడలో పుట్టి 1930లో వాల్తేరు చేరినది. జయపురము మహారాజు విక్రమదేవవర్మగారి దానముతో అందలి విజ్ఞాన కళాశాల నిలిచినది.

భగవంతముగారు చేసిన పనులలో ఒక్కదానినే ఇచట తీసికొందము. అది చిన్నదిగా కనబడును. లెక్కలు వ్రాయువారికి మాత్రము దాని విలువ వెంటనే బోధపడును.

ఒక మడిని కొలువవలసి వచ్చినదనుకొనుడు. అది సరిచదరమైనచో ఒక్క ప్రక్కను గొలుసుతో కొలిచిన చాలును. తక్కిన మూడు ప్రక్కలును తెలిసినట్లే. దీర్ఘచతురస్రమైనచో రెండు కొలతలు కావలెను. ఏ రెండు ప్రక్కలును సమముకాని వంకరమడియైనచో నాలుగు ప్రక్కలును కొలిచి, అడ్డముగా కర్ణమునుకూడ కొలిచినగాని విస్తీర్ణము తేలదు. ఆకృతిలో ఎంత పొందిక యున్న అంత తక్కువ కొలతలు. పొందిక తగ్గినకొలది కొలతలు పెరుగును. దీనినే శాస్త్రమున సౌష్ఠవము అందురు.

స్ఫటికముల విషయమునను ఇదియే న్యాయము. ఉప్పురాయి, పటిక, పటికబెల్లము, ఇవి యన్నియు స్ఫటికములే. తాండవ చక్కెర కర్మాగారమునకు చెరకు తోలిన రైతులకు రసము పాకమై, పాకము పలుకులుగా పేరుకొనుట తెలిసిన విషయమే. ఆ పలుకులలో పరమాణువులు వరుసలు తీరి నిలుచును. పలుకును నొక్కినచో ఏ దిక్కున ఎంత ఒదుగునో తెలుపుటకు కొన్ని అంకెలు కావలెను. ఏ పొందికయులేని స్ఫటికమునకు 21 అంకెలు, పంచదారకు 13, ఘనాకృతిగల ఉప్పునకు 3 మాత్రమే. ఎన్ని అంకెలు కావలెనో కనుగొనుటకు స్ఫటికమును ముట్టనక్కరలేదు. దానిని ఎన్ని విధముల త్రిప్పినను తనలో తాను సరిపడునో ఆ విధములను వరుసగా వ్రాసి, గణితమున సముదాయ సిద్ధాంతము అను పద్ధతిచేత తేల్చవచ్చును. స్ఫటికములలో ఇట్టి పొందికలు 32 రకములు మాత్రమే. ముప్పదిమూడవది లేదు, ఉండనేరదు.

ఇక అసలు కథ. స్ఫటికమును నొక్కినప్పుడు దానిగుండా పోవు వెలుగు నడకయు మారును. ప్లాస్టిక్ కొలబద్దను రెండు ధ్రువణఫలకముల నడుమ నుంచి వంచినచో ఇంద్రధనుస్సు వన్నెలు కనబడును. అది ఈ గుణమే. నమూనా వంతెనలను పారదర్శకమగు పదార్థముతో చేసి, బరువు పెట్టి, ఒత్తిడి ఎచ్చట మిక్కుటమగునో ఇంజనీర్లు ఈ వన్నెలనుబట్టి చూచెడివారు. ఈ గుణమునకు ఏ స్ఫటికమున ఎన్ని అంకెలు కావలెనో జర్మనీదేశపు ఫ్రీడ్రిఖ్ పొకెల్స్ అను శాస్త్రవేత్త 1890 ప్రాంతమున పట్టికలు కట్టెను. ఆయన సామాన్యుడు కాడు. ఆ శాఖకు మూలపురుషుడు. ఘనాకృతి స్ఫటికములన్నింటికిని మూడేసి అంకెలు చాలునని ఆయన పట్టికలో నుండెను. సుమారు అర్ధశతాబ్దము ఆ పట్టిక ఎల్లరకును ప్రమాణమయ్యెను.

వాల్తేరున భగవంతముగారు ఆ పట్టికను మరల మొదటినుండి కట్టిచూచిరి. బెరీజు సరిపడలేదు. ఘనాకృతి స్ఫటికములలో రెండు తెగలు కలవు. ఉప్పు ఒక తెగ. దానిని ఒక ముఖముపై నిలిపి పాతికవంతు త్రిప్పినచో మరల మునుపటివలెనే యుండును. కావున ఆ ముఖమును నొక్కినప్పుడు ప్రక్కనున్న రెండు దిక్కులును సమానము. పటిక రెండవ తెగ. అది చూచుటకు ఘనమువలె పేరుకొన్నను, లోని వరుసలు పాతికవంతు త్రిప్పునకు సరిపడవు. సగము త్రిప్పినగాని తన రూపమునకు రాదు. బంగారు వన్నెగల పైరైటు అను ఇనుపఖనిజము కూడ ఈ తెగలోనిదే. దాని ఘనముల ముఖములపై సన్నని గీతలు ఒక్క దిక్కుగనే యుండుటచేత ఈ సంగతి కంటికే కనబడును. పాతికవంతు త్రిప్పినచో గీతలు అడ్డము పడును గదా! అట్టి స్ఫటికమును నొక్కినప్పుడు ప్రక్క దిక్కులు రెండును సమానమని ఎట్లు చెప్పగలము? కావున ఈ తెగకు మూడు చాలవు, నాలుగు అంకెలు కావలెను.

పొకెల్స్ అంతటివాడు పొరబడుటకు కారణము ఊహింపదగినదే. ఒదుగుదల లెక్కలో మొదటి దిక్కు రెండవదానిపై చూపు ప్రభావమును, రెండవది మొదటిదానిపై చూపు ప్రభావమును సమానములు. ఇచ్చిపుచ్చుకోలు సరిసమానమగుటచేత రెండు తెగలకును మూడే అంకెలు వచ్చును. వెలుగు లెక్కలో అట్టి సమానత్వము లేదు. పొందికలేని స్ఫటికమునకు అచట 21 కాక 36 అంకెలు కావలెను. ఒక ఆవర్జాలోని వరుసను మరియొక ఆవర్జాలోనికి ఎత్తివ్రాసినప్పుడు దొరలు పొరపాటు ఎట్టిదో దస్తరము మోసినవారికి ఎరుకయే. బహుకాలముగా ఎల్లరును ఒప్పుకొన్న లెక్క గనుక తప్పుండదని శిరస్తాదారు సంతకము చేయును. సంతకము పడినకొలది తప్పు ముదురును.

భగవంతముగారు ఈ దిద్దుబాటును 1942లో ప్రకటించిరి. ఆ సంవత్సరము ఈ జిల్లాకు మరపురానిది. ఏప్రిల్ 6న విశాఖపట్టణముపై జపానువారి బాంబులు పడెను. విశ్వకళాపరిషత్తు గుంటూరునకు తరలిపోయెను. గ్రంథములు, పరికరములు పెట్టెలకెక్కిన రోజులవి. అట్టి సమయమున ఉప్పునకు మూడు అంకెలా, పటికకు నాలుగా అను విచారము ఎవరికి కావలెనని ఎవరైన అడిగినచో నాడు వారికి చెప్పదగిన సమాధానము ఏదియు ఉండెడిది కాదు. కొలది సంవత్సరములకు భగవంతముగారును, వారి సహోద్యోగి సూర్యనారాయణగారును బేరియం నైట్రేటు స్ఫటికమును నొక్కి, వెలుగును పంపి కొలిచిరి. సమానములని అందరును నమ్మిన రెండు అంకెలు సమానములు కావు. కాగితముపై కనబడిన నాలుగవ అంకె రాతిలో దొరకినది.

1948లో భగవంతముగారును, గణితవేత్త వేంకటరాయుడుగారును కలిసి సముదాయ సిద్ధాంతమును భౌతికశాస్త్రమునకు అన్వయించు గ్రంథమును ఆంగ్లమున వ్రాయగా, ఆంధ్ర విశ్వకళాపరిషత్తే దానిని ప్రకటించెను. పిమ్మట ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆచార్యులై, 1952 నుండి 1957 వరకు ఉపాధ్యక్షులై, ఆపై బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థకు నిర్దేశకులై, తరువాత రక్షణమంత్రికి శాస్త్రీయ సలహాదారులైరి. ఇంత అధికారభారము నడుమ 1966లో స్ఫటిక సౌష్ఠవముపై మరియొక గ్రంథము వెలువరించుట గమనింపదగినది. పదవి వచ్చినంతనే పలకా బలపము అటకెక్కించు విద్వాంసులు మనలో తక్కువవారు కారు. ఆయన 1989లో దివంగతులైరి.

ఆయన సలహాదారుగా నున్న కాలముననే, 1963లో, రక్షణ లోహపరిశోధనశాల హైదరాబాదున నెలకొన్నది. స్ఫటికపు అంకెలు లోహమున ఎట్లు అక్కరకు వచ్చునో చూతము.

ఇనుమైనను ఇత్తడియైనను మామూలుగా ఒక్క స్ఫటికము కాదు. లెక్కకు మిక్కిలి చిన్నపలుకులు ఒకదానినొకటి ఒరసికొని యుండును. విమానపు ఇంజనులోని రెక్క నిప్పువంటి వాయువులో అతివేగముగా తిరుగుచు, ఆ తిరుగుడు విసురుచేత సాగుచుండును. ఆ వేడిలో మొదట చెడునవి పలుకుల నడిమి అతుకులు. అతుకులే లేకుండ రెక్క మొత్తమును ఒక్క పలుకుగా పోతపోసినచో? కరగిన నికెలు మిశ్రలోహము అడుగునుండి గట్టిపడునట్లు చేసి, మెలితిరిగిన సన్నని దారిగుండా దానిని పైకి రానిత్తురు. ఆ ఇరుకుదారిలో పలుకులన్నియు అడ్డుపడి, ఒక్కటియే బయటపడి, అచ్చునంతయు తానే నింపును. ఈ విద్య లోకమున కొన్ని దేశములకే పరిమితమై యుండెను. 2021 ఏప్రిల్ నెలలో హైదరాబాదు పరిశోధనశాలవారు హెలికాప్టరు ఇంజనుకై ఇట్టి రెక్కలను అరువదింటిని చేసి హిందూస్థాన్ ఏరోనాటిక్స్ వారికి అందజేసిరి.

ఇచట ఒక చిత్రము. నికెలు మిశ్రము ఉప్పువలె ఘనాకృతిగలది. దాని ఒదుగుదలకు మూడు అంకెలు. ఆ మూడింటినిబట్టి ఏ దిక్కున అది మిక్కిలి బిగువో, ఏ దిక్కున తక్కువ బిగువో లెక్కకట్టవచ్చును. రెక్క నిడివిని మిక్కిలి బిగువైన దిక్కుననే పెట్టుదురని ఎవరైనను అనుకొందురు. కాని పెట్టునది తక్కువ బిగువైన దిక్కున! వేడికి వ్యాకోచించి, చల్లారి ముడుచుకొనునప్పుడు ఒదిగిపోవు దిక్కే రెక్కను పగులకుండ కాపాడును. మూడు అంకెలు లేనిచో ఈ సంగతి ఎన్ని రెక్కలు పగిలిన పిమ్మట తెలియవలసి యుండెడిదో!

హైదరాబాదు మాట వచ్చినది గనుక, మొదట విడిచిన ద్రాక్షకడకు మరల పోవుటకు దారి దొరకినది. ఆ నగరమునకు 1890 ప్రాంతమున అబ్దుల్ బాకర్ ఖాన్ అను పెద్దమనిషి ఒక ద్రాక్షజాతిని తెచ్చి నాటెను. అనాబె షాహీ యని దాని పేరు. రాజద్రాక్ష యని అర్థము. లేత వన్నెతో, పొడవైన పెద్దపండ్లతో, గింజలతో నుండును. ఎఱ్ఱనేలలో పందిళ్లపై ప్రాకి, ప్రపంచమున పెక్కు ద్రాక్షదేశములకు కనివిని ఎరుగనంతటి కాపు కాచెను.

చలిదేశములలో ద్రాక్ష హేమంతమున ఆకురాల్చి నిద్రించును; వసంతమున మేలుకొని పూచును. దక్కనులో దానికి నిద్రపట్టునంతటి చలి లేదు. అట్లు విడిచినచో ఏడాది పొడవునను ఆకు వేయుచుండునేగాని క్రమముగా కాయదు. అందుచేత రైతులు సంవత్సరమునకు రెండుమారులు కత్తిరింతురు. ఏప్రిలు ప్రాంతమున కొమ్మలన్నింటిని మొదటి కణుపులదాక నరుకుదురు. చూచువారికి తోటను నాశనము చేయుచున్నట్లు తోచును. క్రొత్తకొమ్మలు చిగిర్చి ఎదిగిన పిమ్మట అక్టోబరున రెండవ కత్తిరింపు. దాని తరువాత గుత్తులు వెలువడి ఫిబ్రవరినుండి ఏప్రిలు లోపల పండును.

గుత్తి అక్టోబరున పుట్టినదని రైతు అనుకొనుట సహజము. పరిశోధకులు మొగ్గలను నిలువున కోసి సూక్ష్మదర్శినిక్రింద చూచిరి. రాబోవు గుత్తి మొదటి కత్తిరింపు పిమ్మట రెండు నెలల లోపలనే, కొత్తకొమ్మ మొగ్గలో, కంటికి కనబడనంత చిన్న మొలకగా ఏర్పడి యుండెను! అన్ని కణుపులలోను కాదు. జాతినిబట్టి కొన్ని కణుపులలోనే. కావున అక్టోబరున ఏ కణుపుపైని కత్తిరింపవలెనో మొగ్గను కోసి చూచి చెప్పవచ్చును. ఒక్క కణుపు క్రిందికి కత్తి పడినచో ఆ యేటి కాపు నేలరాలినట్లే. వేసవి నెలలలో ఆకునీడ దట్టమై మొగ్గకు వెలుతురు చాలకున్నను, ఆ లోపము ఫలకాలమునగాని బయటపడదు. మొగ్గలోని గుత్తియు, పటికలోని నాలుగవ అంకెయు ఒకే తీరున దాగియున్నవని చెప్పుటలో అతిశయోక్తి లేదు.

అన్నియు ఇట్లు లెక్కనుండియే పుట్టునని కాదు. దొంగల భయమునుండి పుట్టిన శాస్త్రము కూడ కలదు. ఫ్రాన్సుదేశమున బోర్డో నగర ప్రాంతమున రైతులు దారినపోవువారు ద్రాక్ష కోయకుండుటకై బాట ప్రక్క తీగెలపై మైలుతుత్తము, సున్నము కలిపి చల్లెడివారు. చూచుటకు అసహ్యముగా నుండుటచేత ఎవరును ముట్టెడివారు కారు. 1882లో బూజుతెగులు వచ్చి తోటలన్నియు ఆకురాల్చగా ఆ బాటప్రక్క వరుసలు మాత్రము పచ్చగా నుండుట మిలార్దె అను వృక్షశాస్త్రాచార్యుని కంటబడెను. ఆయన మూడేండ్లు పరీక్షించి 1885లో ఆ మందును లోకమునకు తెలిపెను. ఆ బోర్డో మిశ్రమమునే తమలపాకు తీగెల తెగుళ్లకు నేటికిని వాడుదురు. తుని తమలపాకు వేసికొనువారు ద్రాక్షకు కొంత ఋణపడియున్నారన్నమాట. అట్లే గింజలేని ద్రాక్షను పెద్దది చేయుటకు నేడు వాడు జిబ్బరెల్లిను అను ద్రవ్యము వరినారుకు వచ్చిన తెగులును శోధించుచు జపాను పరిశోధకులు పట్టినది. 1926లో కురొసావా దానికి ఆద్యుడు.

తాండవ తీరమున మాత్రము ద్రాక్ష నాటవలెనని ఎవరును తొందరపడనక్కరలేదు. సముద్రపు తేమ, అక్టోబరు నవంబరులలోని తుఫానులు ఆ పంటకు శత్రువులు. ఎక్కడ పనికిరాదో చెప్పుటయు పరిశోధన ఫలములలో నొకటి.

హైదరాబాదు తోటల కథ సుఖాంతము కాలేదు. నగరము పెరిగినకొలది తోటలు ఇండ్లస్థలములైనవి. బావులు లోతైనవి, కూలి పెరిగినది. గింజలేని పండ్లకు గిరాకి హెచ్చి పంట నాసిక్ వైపునకు మరలెను. 1997లో జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రము పూనాకడ మంజరిలో వెలసెను. ఏ కణుపున గుత్తి యున్నదో శాస్త్రజ్ఞుడు తప్పులేకుండ చెప్పెను. ఆ నేల గజము ధర ఎంత పలుకునో చెప్పువాడు వేరొకడు వచ్చెను. రెండవవాని లెక్కయే నెగ్గినది. దీనికి శాస్త్రమును నిందించి ప్రయోజనము లేదు.

ఇక ఈ గ్రంథాలయము మాట. వచ్చు సొమ్ము కొలది. నవలలు అడుగువారు కలరు, పోటీపరీక్షల పుస్తకములు అడుగువారు అంతకన్న ఎక్కువ కలరు. శాస్త్రగ్రంథముల అర తెరచువారు లేరు గనుక ఆ స్థలమును ఖాళీచేయుట మేలను అభిప్రాయము న్యాయమైన పెద్దలే వెలిబుచ్చుచున్నారు. తెలుగు అకాడమి 1968లో ఏర్పడినది మొదలు ఉన్నతశాస్త్రములు తెలుగున అచ్చగుచునే యున్నవి. కొనువారు లేరనుట నిజమే. పుస్తకము తీసికొనువారి సంఖ్యనుబట్టి ఖర్చు వ్రాయుట లెక్కల పద్ధతికి సరియైనదే. ఆ పద్ధతికి లోబడని ఉదాహరణము ఒక్కటి కలదు.

పట్టికలో తప్పుచేసిన ఆ పొకెల్స్ పండితునకు ఆగ్నెస్ అను అక్కగారుండెను. ఆ కాలమున అచట స్త్రీలకు విశ్వవిద్యాలయ ప్రవేశము లేదు. ఆమె వ్యాధిగ్రస్తులైన తల్లిదండ్రులకు పరిచర్య చేయుచు, ఇంటిపనిలో మునిగి, తమ్ముడు పంపిన భౌతికశాస్త్ర పుస్తకములను తనంతట చదువుకొనెను. గిన్నెలు కడుగు నీటిపై జిడ్డు తేలినప్పుడు నీటి ఉపరితలము ఎట్లు మారునో ఆమె కంటబడెను. ఒక రేకుతొట్టియు, చిన్న తక్కెడయు చేసికొని, నీటిపైనుండి ఒక బొత్తామును పైకెత్తుటకు ఎంత బరువు కావలెనో ఏండ్ల తరబడి కొలిచెను. 1891లో ఇంగ్లండునందలి రేలీ ప్రభువునకు జర్మను భాషలో జాబు వ్రాసెను. రేలీ సతీమణి దానిని ఆంగ్లమునకు మార్చిరి. ప్రభువు దానిని నేచర్ పత్రికకు పంపి అచ్చు వేయించిరి. ఒకే అణువు మందముగల పొరలను గూర్చిన శాస్త్రమునకు ఆ రేకుతొట్టి నాంది అయ్యెను. ఆగ్నెసునకు డెబ్బదియవ యేట, 1932లో, ఆమె ఊరగు బ్రౌన్‌ష్వైగులోని విద్యాపీఠము గౌరవ డాక్టరు బిరుదమిచ్చెను.

ఆ పుస్తకములు ఆ యింట అన్ని సంవత్సరములలో చదివినది ఆమె ఒక్కతెయే.